పిల్లల శిక్ష

నాకు తెలుగు బాగా వచ్చని భిలాయిలో ఒక పేరుంది. ఆ పేరు నేను తెచ్చుకున్నది కాదు, వద్దన్నదీ కాదు. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడి స్టీలు ప్లాంటులో పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, హిందీ మీడియంలో చదివి, ఇక్కడే ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. అమ్మ పుణ్యమా అని మాట్లాడడం మాత్రం గడగడా వచ్చింది. గడగడా మాట్లాడే మనిషికి చదవడం రాదని ఎవరనుకుంటారు? నిజానికి తెలుగు అక్షరాలు నేను కూడబలుక్కుని చదువుతాను. హిందీలో ఒక పేజీ అయ్యేలోపు తెలుగులో రెండు వాక్యాలు దాటను. ఒత్తులున్న మాట వస్తే లోపల రెండుసార్లు అనుకున్నాక గాని పైకి అనను. ఈ సంగతి యాభై రెండేళ్ళు వచ్చేదాకా బయటపడకుండా నెట్టుకొచ్చాను.

మా తెలుగు సంఘం వాళ్ళు తమ భవనంలో ఖాళీగా ఉన్న గదిని చదువుకునే గదిగా మార్చాలనుకున్నప్పుడు పుస్తకాలు ఎంచే పని నాకు అప్పగించారు. మా కార్యదర్శి గారు ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, ప్లాను లేకుండా కాఫీ కూడా తాగరు. నవలలూ భక్తి పుస్తకాలూ అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి, మనం మూడే రకాలు కొందాం అన్నారు. ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేసి ఏ ఊరూ చూడనివాళ్ళకి యాత్రల పుస్తకాలు. కాలేజీ పిల్లలకి సైన్సు, చరిత్ర లాంటి విజ్ఞానం పుస్తకాలు. తెలుగు మర్చిపోతున్న చిన్నపిల్లలకి బొమ్మల పుస్తకాలు. "మీకంటే బాగా ఎవరు ఎంచుతారండీ?" అన్నారాయన. నాకు చదవడం సరిగా రాదని అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. "అలాగేనండి" అన్నాను.

విశాఖపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు పుస్తకాల షాపుకి వెళ్ళాను. షాపాయన ఒక్కో పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, నేను చదువుతానేమో అని మర్యాదగా పక్కకి తప్పుకునేవాడు. నేను వెనక అట్ట వైపు చూస్తూ మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి, "బావుంది, పెట్టండి" అనేదాన్ని. అట్ట మీద కొండలు, రైలు, ఒంటె, ఏది కనిపించినా అది యాత్రే. ఒక పుస్తకం మీద పడవ ఉంది, నది మీద సూర్యోదయం. అన్నిటికంటే ముందు అదే తీసుకున్నాను. నక్షత్రాల బొమ్మ ఉన్న పుస్తకం ఒకటి చూపించి, "ఇవి మంచి ఉపన్యాసాలండీ" అన్నాడు షాపాయన. "నవలలు వద్దండి" అన్నాను నేను. ఆయన నావైపు ఒకసారి, పుస్తకం వైపు ఒకసారి చూసి దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. తెలుగులో కాదని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

బొమ్మల పుస్తకాలు మాత్రం నిజంగా ఇష్టపడి ఎంచుకున్నాను. అక్కడ ఎవరూ నన్ను పరీక్షించరు గనక నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాను. పాలు దొంగిలించే పిల్లి కథ ఒకటి ఎంత ముద్దుగా ఉందంటే, ఆ పిల్లి మీసాలకి అంటుకున్న మీగడ చూసి షాపులోనే నవ్వేశాను. బొమ్మల కింద ఉన్న వాక్యాలు చదవలేదు. బొమ్మలే అంతా చెబుతుంటే అక్షరాలతో ఏం పని అనుకున్నాను.

పుస్తకాలు వచ్చాక అరలకి బోర్డులు కావాల్సి వచ్చింది. మా సంఘానికి మొదటినుంచీ బోర్డులు రాసేది ఒకే ఒక్క మనిషి. క్యాంప్ వన్‌ బస్తీలో ఉంటాడు, డెబ్బైకి దగ్గర పడ్డాడు. ఒకప్పుడు ప్లాంటులో వ్యాగన్ల మీద నంబర్లూ, జాగ్రత్త బోర్డులూ రాసేవాడు. ఫ్లెక్సులు వచ్చాక చేతి రాతని అడిగేవాళ్ళు లేకపోయారు. తెలుగులో రాసే పని మా సంఘం ఒక్కటే ఇచ్చేది. నేను ఆయన్ని పెయింటర్ బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. ఏడేళ్ళ మనవరాలు ఎప్పుడూ వెంట ఉండేది. పిల్ల తండ్రి హథ్‌ఖోజ్‌లో ఏదో వర్క్‌షాపులో, తల్లి ఒక టైలరింగ్ షాపులో పనిచేసేవారు గనక పిల్ల బాధ్యత తాతదే. ఆ పిల్లకి హిందీయే మాతృభాష అనాలి. తెలుగు అక్షరాలు మాత్రం తాత పలక మీద దిద్దించేవాడు, ఆమె తాత రాసిన ప్రతి బోర్డునీ వేలు పెట్టి గుణించుకుంటూ చదివేది.

బాబాయ్ రెండు రోజులు ఆ గదిలో పనిచేశాడు. రంగు ఆరే లోపు పుస్తకాల గుట్ట పక్కన కూర్చుని చదువుకునేవాడు. చదవడమంటే నాలా కాదు, పెదవి కదపకుండా, పేజీ తర్వాత పేజీ. యాత్రల పుస్తకం ఎంచుకోవడానికి ఆయనకొక పద్ధతుంది. "పక్కన దుర్గ్ స్టేషన్లో రైలెక్కితే ఆ ఊరు ఎల్లగలమా నేదా, అది సూస్తానమ్మా. ఎల్లలేని ఊరు గురించి సదివితే మనసు ఊరుకోదు" అన్నాడు. రెండో రోజు నా పడవ పుస్తకం తీశాడు. ఐదు నిమిషాలు చదివి కళ్ళజోడు తీసి నవ్వాడు.

"అమ్మా, ఈ పడవ ఏ ఊరూ ఎల్లదండి. ఇది సంసార సాగరం దాటించీ పడవ. స్వామీజీ ప్రవచనాలు."

గదిలో ఇంకో ఇద్దరు సభ్యులున్నారు. వాళ్ళూ నవ్వారు. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు, ఉన్నమాట అన్నాడంతే. కాని నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం వస్తే పైకి కనిపించదు, గొంతు మెత్తబడుతుంది. అది ఇంకా పాడు లక్షణం.

ఆ మెత్తని గొంతుతోనే బోర్డుల మాటలు చెప్పాను. మొదటిది యాత్రలు, రెండోది విజ్ఞానం. మూడో బోర్డుకి పిల్లల శిక్ష అని రాయమన్నాను. మా హిందీలో శిక్షా అంటే చదువు. తెలుగులో ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టలేదు. మా ఇంట్లో తప్పు చేస్తే దెబ్బలు పడేవి గాని శిక్ష అన్న మాట ఎవరూ వాడలేదు.

బాబాయ్ పెన్సిలు చెవి మీద నుంచి తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "అమ్మా, సిన్న మాట. పిల్లల సిచ్చ అంటే అదేటో పిల్లల్ని కొట్టినట్టుంటాది. బొమ్మల పుస్తకాలు అని రాసీమంటారా?"

"సిచ్చ కాదు బాబాయ్, శిక్ష" అన్నాను. "ముందు మాట సరిగా పలకండి. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి చాలు."

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆయన చెవి మీది పెన్సిలు మళ్ళీ తీశాడు. నోటితో సిచ్చ అన్న మనిషి చేత్తో శిక్ష అని ఎంత అందంగా రాశాడో చెప్పలేను. క కింద ష ఒత్తు వంపు తిరిగిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. అలాంటి అక్షరం నేను ఈ జన్మలో రాయలేను. మనవరాలు పక్కన నిలబడి వేలు పెట్టి చదివింది, పి, ల్ల, ల, శి, క్ష. "శాబాష్" అన్నాడు తాత.

గది తెరిచిన రోజు ఆదివారం. కార్యదర్శి గారి వియ్యంకుడు విశాఖ నుంచి వచ్చాడు, తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైనాయన. ఆయన చేతే రిబ్బను కత్తిరించారు. ఓ నలభై మంది ఉన్నారు. మాస్టారు గారు చేతులు వెనక్కి కట్టుకుని అరలన్నీ చూస్తూ మూడో బోర్డు దగ్గర ఆగి గట్టిగా చదివి నవ్వారు. "పిల్లల శిక్షా! పాపం, మీ పిల్లలు ఏం తప్పు చేశారండీ?"

అందరూ నవ్వారు. అర్థమైనవాళ్ళు ముందు, కానివాళ్ళు తర్వాత. అప్పటికి నాకూ అర్థమైంది. కార్యదర్శి గారు నావైపు చూశారు. నా చెవులు వేడెక్కాయి. ఆ క్షణంలో నాకు కనిపించింది ఒక్కటే, నా పేరు. తెలుగు బాగా వచ్చన్న ఆ పేరు.

"పెయింటర్‌కి తెలుగు సరిగా రాదండీ" అన్నాను. "నేను చెప్పింది ఒకటి, ఆయన రాసింది ఒకటి. మాటే సరిగా పలకలేడు, సిచ్చ అంటాడు."

మళ్ళీ నవ్వారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మా అమ్మ రోజుకి రెండుసార్లు వాడేది, నాకు బాగా తెలుసు. బాబాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, బోర్డుల మూలల్లో తన సంతకం ఉంది గనక. మనవరాలు ఆయన వేలు పట్టుకుని ఉంది. ఆయన ఒక్క మాట అంటే చాలు, అమ్మే అలా రాయమంది అని. అక్కడున్న సభ్యుల్లో ఇద్దరు సాక్ష్యం కూడా చెప్పేవారేమో. ఆయన నావైపు చూసి, తర్వాత నేల వైపు చూసి, "పొరపాటైపోనాది బాబూ" అన్నాడు.

పిల్ల తలెత్తి తాత మొహంలోకి చూసింది. నేను ఆ చూపు చూశాను. చూసి టీలు ఎంతవరకు వచ్చాయో కనుక్కోవడానికి వంటగదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడే బోర్డు దిగింది. దాని స్థానంలో ఫ్లెక్సు వచ్చింది. ఆ తర్వాత సంఘంలో ఏ బోర్డయినా ఫ్లెక్సు షాపుకే వెళ్ళింది. "తప్పులు ఉండవు కదండీ" అన్నారు కార్యదర్శి గారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. బాబాయ్ చదువుకోవడానికి కూడా రాలేదు. దుర్గ్‌లో రైలెక్కి వెళ్ళగలిగే ఊళ్ళ పుస్తకాలన్నీ అలాగే అరలో ఉండిపోయాయి. పాత తెలుగులో శిక్ష అంటే చదువు అన్న అర్థం కూడా ఉండేదని తర్వాత ఎవరో చెబితే, ఒక రాత్రంతా నాలో నేను సంతోషించాను, అయితే నేను పూర్తిగా తప్పు కాదన్నమాట అని. ఆ సంతోషం తల్చుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. నేను రాయించింది పాత తెలుగు కాదు, నా హిందీ.

ఆదివారం పిల్లలకి తెలుగు క్లాసు కూడా నేనే చెప్పేదాన్ని. బొమ్మల పుస్తకాలు పట్టుకుని బొమ్మలు చూపిస్తూ కథ నా మాటల్లో చెప్పేదాన్ని. కింద ఏం రాసి ఉందో చదవాల్సిన పనే లేదు. పెయింటర్ మనవరాలు పక్కింటివాళ్ళ పిల్లలతో ఆటోలో వచ్చేది. వానలు మొదలైన రోజుల్లో ఒకసారి, ఇంట్లో మీకు తెలుగు ఎవరు నేర్పుతారని అడిగాను. ఒకరు నాన్నమ్మ అన్నారు, ఒకరు అమ్మ అన్నారు. ఈ పిల్ల వంతు వచ్చింది.

"హమారే ఘర్ మే కిసీకో నహీ ఆతీ" అంది, మా ఇంట్లో ఎవరికీ రాదని.

"మీ తాత ఉన్నాడు కదా?"

"తాతకి రాదు టీచర్. మీరే చెప్పారు కదా." ఎగతాళి లేదు, కోపం లేదు. ఆవిరి వేడిగా ఉంటుందని నేను క్లాసులో చెబితే రాసుకునే పిల్లల్లాగే అంది. తాత పలక తెస్తే పారిపోతానని, ఆయన అన్నీ తప్పు నేర్పుతాడని కూడా చెప్పింది. ఆయన సిచ్చ అంటాడట.

ఒక మనిషి దగ్గర మిగిలిన ఒక్క పనినీ తీసేశాను, అది నాకు తెలుసు. ఆయన దగ్గర మిగిలిన ఒక్క విద్యార్థినినీ తీసేశానని ఆ రోజు తెలిసింది. ఫ్లెక్సు షాపు వాడు చేసిన పని కాదది, నేను నా నోటితో చేసింది. అయినా వెంటనే లేచి వెళ్ళలేదు. ఇంకో రెండు ఆదివారాలు గడిపాను. కార్యదర్శి గారికి ఫోన్ చేసి జరిగింది చెబితే, "పోనిద్దురూ, ఎప్పటి సంగతో, ఎవరికి గుర్తుంది?" అన్నారు. గుర్తున్నవాళ్ళు ఇద్దరున్నారు. మూడోది నేను.

మూడో ఆదివారం క్లాసు అయ్యాక పిల్లి పుస్తకం సంచీలో వేసుకుని క్యాంప్ వన్‌కి వెళ్ళాను. పుస్తకం ఎందుకంటే, చేతిలో ఏదో ఒకటి లేకుండా వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. స్కూటీ మెయిన్ రోడ్డు మీద పెట్టి గల్లీలో నడిచాను. ఆ గల్లీలో దాదాపు ప్రతి తలుపు మీదా ఇంటి నంబరు ఆయన రాసిందే, చూడగానే తెలిసిపోతుంది. బాబాయ్ గుమ్మంలో మడతమంచం మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నన్ను చూసి కత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, కూకోండి. వానలో వచ్చీసినారేటి?"

నేను కూర్చోకుండానే చెప్పాను. బోర్డు మాట నాది, మీరు చెప్పినా వినలేదు, అందరి ముందూ అబద్ధం ఆడాను అన్నాను.

"పర్లేదమ్మా."

మీ పని పోయింది నావల్ల అన్నాను.

"పర్లేదమ్మా, ఒగ్గీండి. ఫ్లెక్సులొచ్చినాక ఎలాగూ పోయీదే."

పిల్ల మీ దగ్గర నేర్చుకోవడం మానేసిందట కదా అన్నాను. ఈసారి ఆయన వెంటనే పర్లేదు అనలేదు. ఉల్లిపాయల వైపు చూశాడు. "సిన్నగుంట కదమ్మా. పర్లేదు" అన్నాడు.

పిల్లని పిలిచాను. లోపల టీవీ ఆపి వచ్చింది. ఆమెకి బాగా అర్థం కావాలని హిందీలోనే చెప్పాను. ఆ రోజు బోర్డు తప్పు తాతది కాదు, నాది. తాతకి తెలుగు బాగా వచ్చు, నాకే సరిగా రాదు. పిల్ల అంతా విని, తాత వైపు చూసి, నావైపు చూసి నవ్వింది.

"తాతా నే బోల్నే కో బోలా నా?"

తాత చెప్పమంటే చెబుతున్నాననుకుంది. నేను కాదన్నాను, ఒట్టు వేశాను. నవ్వుతూనే ఉంది. తాత బాధపడకుండా టీచర్ గారు మంచి మాట చెబుతున్నారని ఆమె నమ్మకం. అబద్ధం ఒక్క వాక్యంలో నమ్మింది, నిజం పది వాక్యాల్లో చెప్పినా నమ్మడం లేదు. మరి నా పేరు అలాంటిది కదా! ఇంక ఏం చేయాలో తోచక సంచీలోంచి పిల్లి పుస్తకం తీసి ఆమె చేతికిచ్చాను.

దాన్ని నేను క్లాసులో నాలుగైదుసార్లు చెప్పాను గనక ఆమెకి ప్రతి బొమ్మా తెలుసు. పేజీలు తిప్పుతూ పోయి చివరికి వచ్చేసరికి ఆగింది. అందులో పిల్లి వెనక కాళ్ళ మీద గోడకి ఆనుకుని నిలబడి, ముందు కాళ్ళతో రెండు చెవులూ పట్టుకుని ఉంటుంది. ఈ బొమ్మకి నేను క్లాసులో "పిల్లి సారీ చెబుతోంది" అనేదాన్ని. ఆమె కింద వాక్యం మీద వేలు పెట్టింది. ఎన్నో నెలల తర్వాత, పాత అలవాటు కొద్దీ, తాత నేర్పినట్టే గుణించుకుంది.

"పి, ల్లి, కి. పిల్లికి. శి, క్ష. శిక్ష. ప, డిం, ది."

పిల్లికి శిక్ష పడింది. ఏడాదిగా నేను చేత్తో పట్టుకు తిరిగిన పుస్తకంలో, నేనే ఏరి కోరి తెచ్చిన పుస్తకంలో, ఆ మాట అక్కడే ఉంది. నేను ఒక్కసారి కూడా చదవలేదు.

పిల్ల బొమ్మని దగ్గరగా చూసింది. "శిక్షా? యే పఢ్ తో నహీ రహీ" అంది. నిజమే, ఆ పిల్లి చదువుకుంటున్నట్టు ఎవరికీ కనిపించదు. అప్పుడు తాత వైపు తిరిగింది. "తాతా, శిక్ష మానే క్యా?"

బాబాయ్ నావైపు చూశాడు. ఆ రోజు గదిలో చూసినట్టే చూశాడు, కాని ఈసారి నేల వైపు చూపు దించలేదు. నేను చెప్పేదాకా ఆగాడు.

"శిక్ష అంటే సజా" అన్నాను. "తెలుగులో అంతే. మీ తాత నాకు ముందే చెప్పాడు. నేను ఆయన మాట వినకుండా బోర్డు మీద రాయించి, ఆయన మీదకి తోసేశాను."

ఆమె మొహంలో నవ్వు పోయింది. ఈసారి నమ్మింది. బొమ్మ చెప్పింది గనక నమ్మింది. పుస్తకం మూసి తాత ఒళ్ళో పెట్టి, ఆయన మోకాలికి ఆనుకుని నిలబడింది. చాలాసేపు నావైపు అలాగే చూసింది. పిల్లలు క్లాసులో దొంగని పట్టుకున్నప్పుడు చూసే చూపు అది.

"తో ఆప్ భీ కాన్ పకడియే" అంది.

మీరు కూడా చెవులు పట్టుకోండి. గల్లీలో ఎదురింటి గుమ్మంలో ఎవరో ఆవిడ బియ్యం ఏరుతూ మావైపే చూస్తోంది. నేను బాబాయ్ వైపు చూశాను. ఇందాకటి నుంచీ మూడుసార్లు పర్లేదన్న మనిషి, ఛ ఛ, పెద్దవాళ్ళని అలా అనకూడదే అని పిల్లని కసురుతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, కసరాలని కోరుకున్నాను.

నేను సంచీ కింద పెట్టి రెండు చెవులూ పట్టుకున్నాను. వద్దని ఆయన అనలేదు.